టోల్‌గేటు చెప్పిన లెక్క

డీజిలా, పెట్రోలా? 2024 వేసవిలో రెండు నెలల పాటు మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ ఒక్క ప్రశ్నే నలిగింది. పాత కారు కొనదలచిన ప్రతి కుటుంబమూ దీనిని ఎదుర్కొంటుంది. ఇరుగుపొరుగు ఒక మాట చెబుతారు, బంధువులు మరొక మాట చెబుతారు, అమ్మేవాడు తన దగ్గర ఏది ఉంటే దానినే పొగడుతాడు. మేమూ అందరినీ అడిగాము, అందరి మాటా విన్నాము. తీరా మాకు సరైన సమాధానం షాద్‌నగర్ దాటాక వచ్చే రాయికల్ టోల్‌గేటు దగ్గర దొరికింది. ఆ సమాధానంలో కారు సంగతితో పాటు మా సంగతి కూడా ఉన్నది. అందుకే పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మేము మెహదీపట్నానికి దగ్గరలో నివసిస్తున్నాము. మేమిద్దరం, ఇంజనీరింగు చదువుతున్న కుమారుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె. మాలో ఒకరికి కన్నతల్లి, మరొకరికి అత్తగారు అయిన అమ్మ నంద్యాలలో ఉంటుంది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. హైదరాబాదుకు రమ్మని ఎన్నిసార్లు అడిగినా, "తాళం వేసిన ఇల్లు తొందరగా కూలిపోతుంది నాయనా" అని నవ్వి ఊరుకుంటుంది.

2015 డిసెంబరులో కొన్న మా చిన్న కారు అప్పటికి అలసిపోయింది. పిల్లలు పొడవయ్యారు, వెనుక సీట్లో మోకాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయి. వడ్డీకి అప్పు తెచ్చి కారు కొనరాదన్నది మా ఇంటి నియమం. కూడబెట్టిన ఏడు లక్షల రూపాయలతో ఏది వస్తే అదే తెచ్చుకోవాలి. కనుక కొత్త కారు మాట పక్కన పెట్టి, ఒకరు వాడిన మంచి కారు కోసం వెదకడం మొదలుపెట్టాము.

ఇక్కడ ఒక బలహీనతను ఒప్పుకోవాలి. మాలో ఒకరికి యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా వేగంగా పరుగెత్తే చిన్న కారంటే మోజు తీరలేదు. ఆ మోజు కుమారుడికి రెట్టింపై సంక్రమించింది. వెనుక విడిగా డిక్కీ లేని చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. ఆ చిన్న ఒంటిలో మామూలుకంటే బలమైన ఇంజిన్‌ను అమర్చి, సస్పెన్షన్ బిగించి తయారుచేసినదే హాట్ హ్యాచ్‌బ్యాక్. 1976లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఈ కోవకు పేరు తెచ్చింది. అది పెట్రోలు కారు. ఆరేళ్ళ తరువాత, 1982లో, అదే గోల్ఫ్‌లో డీజిలు ఇంజిన్‌తో జీటీడీ వచ్చింది. అంటే మా భోజనాల దగ్గర నడిచిన వాదన నలభై ఏళ్ళ నాటిది.

మన దేశంలో ఈ వాదన పోలో కారు రూపంలో ఇంటింటికీ వచ్చింది. పుణె దగ్గర చాకన్‌లో తయారైన పోలోకు 2013లో జీటీ పేరుతో రెండు రూపాలు వచ్చాయి. పెట్రోలుది జీటీ టీఎస్ఐ, డీజిలుది జీటీ టీడీఐ. 2020లో బీఎస్-6 నిబంధనలు రాగానే డీజిలు పోలో ఆగిపోయింది. దాని తరువాత 1.0 లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్ వచ్చింది. 2022లో పోలో తయారీయే ఇక్కడ ముగిసింది. ఇప్పుడు ఆ కారు కావాలంటే పాతది కొనవలసిందే. వీధి ఇరుకు కనుక చిన్న కారే మాకు అనువు. గట్టి బాడీ, హైవే మీద నిలకడ ఉన్న కారు కనుక ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. మిగిలినదల్లా ఇంజిన్ సంగతి.

కుమారుడు డీజిలు పక్షం వహించాడు. అతని వాదన అంకెలతో మొదలయ్యేది. 2018 నాటి జీటీ టీడీఐ ఇంజిన్ 1,498 సీసీ, 110 అశ్వశక్తి. 2020 నాటి టీఎస్ఐ ఇంజిన్ 999 సీసీ, అదీ 110 అశ్వశక్తే. గుర్రాల లెక్కన ఇద్దరూ సమానులే. కానీ చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్, డీజిలుకు 250 న్యూటన్ మీటర్లు, పెట్రోలుకు 175. పైగా డీజిలు ఆ బలాన్ని ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగేటప్పటికే అందిస్తుంది. లారీని దాటవలసి వచ్చినప్పుడు గేరు తగ్గించకుండానే కారు ముందుకు ఉరుకుతుంది.

ఈ తేడా ఎక్కడి నుండి వస్తుందో కుమార్తె కోసం అన్న విడమరచి చెప్పాడు. పెట్రోలు ఇంజిన్‌లో గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వతో వెలిగిస్తుంది. డీజిలు ఇంజిన్‌లో నిప్పురవ్వ లేదు. గాలిని మాత్రమే పీల్చి, పదిహేను పదహారు రెట్లకు పైగా నొక్కితే అది భగ్గున వేడెక్కుతుంది. ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్మగానే దానంతటదే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890ల్లో సాధించిన సంగతి ఇదే. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కనుక డీజిలు ఇంజిన్ బరువుగా, దృఢంగా ఉంటుంది. చప్పుడూ వణుకూ ఎక్కువ. ఇంజెక్టర్లు, అధిక పీడనపు పంపు వంటి భాగాలు ఖరీదైనవి. బదులుగా లీటరుకు ఎక్కువ దూరం నడుస్తుంది.

డీజిలు కారు పొదుపన్న నమ్మకం మన ఇళ్ళలో ఎలా పాతుకుపోయిందో కూడా గుర్తు చేసుకోవాలి. 2012 మే నెలాఖరులో ఢిల్లీలో పెట్రోలుకూ డీజిలుకూ మధ్య లీటరుకు ముప్పై రూపాయలకు పైగా తేడా ఉండేది. డీజిలు ధరను ప్రభుత్వం అదుపులో ఉంచినందువలన వచ్చిన తేడా అది. ఆ రోజుల్లో డీజిలు కారు కొన్నవాడు తెలివైనవాడు. 2014 అక్టోబరులో ఆ అదుపును ఎత్తివేశారు. మేము కారు వెదుకుతున్న నాటికి హైదరాబాదులో పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు. తేడా పదకొండు రూపాయలకు దిగింది. నమ్మకం మాత్రం ముప్పై రూపాయల దగ్గరే నిలిచిపోయింది.

మా లెక్క ఇలా వేసుకున్నాము. నగరమూ హైవే కలిపి పెట్రోలు కారు లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిలు కారు 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, పెట్రోలుకు కిలోమీటరుకు ఏడు రూపాయల అరవై పైసలు, డీజిలుకు ఐదు రూపాయల ముప్పై పైసలు పడుతుంది. కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై పైసలు మిగులు. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగితే 46,000 రూపాయలు.

ఇరవై వేలు ఎక్కడివి? నగరంలో ఐదారు వేలు. మిగిలినది నంద్యాల. మా ఇంటి నుండి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు, అక్కడి నుండి ఓర్వకల్లు, పాణ్యం దాటి నంద్యాలకు సుమారు 290 కిలోమీటర్లు. పోయి రావడానికి 580. పదిహేను రోజులకు ఒకసారి వెళితే ఏడాదికి పద్నాలుగు వేల కిలోమీటర్లవుతాయి. "డీజిలు కారు కొంటే ఖర్చు తక్కువ, పదిహేను రోజులకోసారి నానమ్మ దగ్గరకు వెళ్ళవచ్చు" అన్నాడు కుమారుడు. ఆ మాట మాకు ఎంతో నచ్చింది. మోజు తీర్చుకోవడానికి ఇంతకంటే గౌరవనీయమైన కారణం దొరకదు. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాము: కొత్త కారు వస్తోంది, ఇక పదిహేను రోజులకోసారి వస్తాము అని.

తరువాత కొన్ని వారాలు కార్లు చూడడంతో గడిచాయి. ఒకచోట 2017 నాటి డీజిలు కారు, మీటరు మీద 41,000 కిలోమీటర్లు. తళతళలాడుతోంది. కానీ స్టీరింగు తోలు నున్నగా అరిగిపోయి ఉన్నది, క్లచ్ పెడలు రబ్బరు గీతలు చెరిగిపోయాయి. సర్వీసు చరిత్ర తెప్పించి చూస్తే రెండేళ్ళ క్రితమే ఆ కారు 78,000 దాటింది. మీటరును వెనక్కి తిప్పారు. అడిగితే ఆ వ్యాపారి, "సార్, అందరూ చేసేదే కదా" అన్నాడు. లోపాన్ని దాచి సరుకు అమ్మరాదని మనమంతా చిన్ననాటి నుండి విన్నవాళ్ళమే. విన్నది బజారులో కనబడకపోతే మనసు చివుక్కుమంటుంది. డీజిలు కార్లు ఎక్కువ తిరుగుతాయి కనుక ఈ మోసం వాటిలోనే ఎక్కువగా ఎదురవుతుందని తరువాత తెలుసుకున్నాము.

మరొకచోట ఢిల్లీ నుండి వచ్చిన 2015 నాటి డీజిలు కారు చాలా చవకగా దొరికింది. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. గడువు దగ్గరపడిన కార్లు అప్పట్లో నిరభ్యంతర పత్రంతో మన వైపు వస్తుండేవి. ధర తక్కువే గాని ఇక్కడ మళ్ళీ పన్ను కట్టి రిజిస్టరు చేయించాలి. అదీగాక, అక్కడ వద్దన్న పొగను మన వీధిలోకి తెచ్చుకోవడం మాకు రుచించలేదు. 1.2 లీటరు జీటీ టీఎస్ఐ కూడా ఒకటి చూశాము. హుషారైన కారే. కానీ దాని ఆటోమేటిక్ గేరుపెట్టెలో రెండు పొడి క్లచ్చులు ఉంటాయి. నిలిచి కదిలే ట్రాఫిక్‌లో అవి వేడెక్కుతాయి. చెడితే మరమ్మతు భారీగా ఉంటుంది. మా రోజువారీ దారి అటువంటిదే కనుక వదులుకున్నాము.

చివరికి రెండు కార్లు మిగిలాయి. ఒకటి 2018 నాటి జీటీ టీడీఐ, 92,000 కిలోమీటర్లు తిరిగింది, లెక్కలన్నీ నిజాయితీగా ఉన్నాయి. రెండవది 2020 ఆగస్టులో రిజిస్టరైన 1.0 టీఎస్ఐ, చేతి గేర్లది, 38,000 కిలోమీటర్లు. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. రెండింటినీ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ దాకా నడిపి చూశాము. డీజిలు కారు మూడవ గేరులో వీపును సీటుకు అదిమినట్టు ముందుకు దూకింది. కుమారుడి ముఖం వెలిగిపోయింది. పెట్రోలు కారు అంత జోరు చూపలేదు గాని, ముందు భాగం తేలికగా ఉన్నందున మలుపులో చెప్పినట్టు తిరిగింది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజిన్ నడుస్తున్నదో లేదో తెలియనంత నెమ్మది. ఆ రోజు ఓటు వేసి ఉంటే ఇంట్లో ముగ్గురు డీజిలుకే వేసేవారు.

రెండు కార్లనూ మా మెకానిక్ చాచా దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆసిఫ్‌నగర్‌లో ముప్పై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న పెద్దమనిషి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీసుకురమ్మని ముందే చెప్పాడు. వేడి ఇంజిన్ తన జబ్బులను దాచుకుంటుందట. స్టార్టు చేయించి సైలెన్సరు దగ్గర కూర్చున్నాడు. నల్లని పొగ వస్తే ఇంధనం సరిగా కాలడం లేదని, నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిలు కాలుతోందని వివరించాడు. రెండూ ఆ పరీక్షలో నెగ్గాయి. తరువాత చేతులు తుడుచుకుని ఒక కాగితం మీద డీజిలు కారుకు రాబోయే పనులు రాశాడు. లక్ష కిలోమీటర్లు దగ్గరపడింది కనుక టైమింగ్ బెల్టు, క్లచ్చు, దానితో పాటు ఫ్లైవీలు, ఇంజెక్టర్ల శుభ్రత, సస్పెన్షన్ బుష్షులు. రెండు కార్లకూ ఉమ్మడిగా అయ్యే ఖర్చు పోను, డీజిలుకు రెండు మూడేళ్ళలో అదనంగా తొంభై వేలు పెట్టుకోవాలని తేల్చాడు.

"ఇది కారు తప్పు కాదు, వయసు" అన్నాడు. తరువాత అసలు ప్రశ్న అడిగాడు. "సాలుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?"

"ఇరవై వేలు" అన్నాము తడుముకోకుండా.

ఆయన లేచి, పక్కనే నిలిపిన మా పాత కారు అద్దంలో నుండి మీటరు చూశాడు. 61,400. "ఎనిమిదిన్నరేళ్ళలో ఇంతేనా?" అని అడిగాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. "ఇంటికి వెళ్ళి లెక్క చూసుకుని రండి. కారు ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆ రాత్రి పాత కారు సర్వీసు పుస్తకం తీశాము. ప్రతి సర్వీసుకూ తేదీ, కిలోమీటర్లు రాసి ఉన్నాయి. 2023 సంవత్సరమంతటికీ మేము తిరిగినది 7,400 కిలోమీటర్లు. అంతకు ముందు ఏడాదీ ఇంచుమించు అంతే. ఇరవై వేలు అన్న అంకె మా జీవితంలో ఎన్నడూ లేదు. ఏడు వేల నాలుగు వందల లెక్కన డీజిలు మిగిల్చేది ఏడాదికి 17,000. తొంభై వేలు తిరిగి రావడానికి ఐదేళ్ళు దాటుతుంది. ఇరవై వేల లెక్కన అయితే రెండేళ్ళు చాలు. కారు అదే, ధరా అదే, మెకానిక్ లెక్కా అదే. మారినదల్లా మేము మా గురించి చెప్పుకున్న మాట.

"పాత కారులో కష్టంగా ఉండేది కాబట్టి వెళ్ళలేదు, అంతే" అన్నాడు కుమారుడు. అసలు ఎన్నిసార్లు వెళ్ళామో చూద్దామని కుమార్తె ఫాస్టాగ్ ఖాతా తెరిచింది. కర్నూలు దారిలో మాకు అమ్మ ఇల్లు తప్ప వేరే పని లేదు. 2023లో రాయికల్ టోల్‌గేటు పేరు ఎన్నిసార్లు ఉన్నదో వేలితో ఒక్కొక్క వరుసా చూపుతూ లెక్కపెట్టింది. ఎనిమిది. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. అంటే నాలుగుసార్లు.

ఏప్రిల్‌లో రంజాన్ పండుగకు. జూన్ చివర బక్రీదుకు. ఆగస్టులో బంధువుల ఇంట పెళ్ళికి. నవంబరులో అమ్మ కంటి శుక్లం ఆపరేషనుకు. పండుగ లేకుండా, పెళ్ళి లేకుండా, ఆసుపత్రి లేకుండా, కేవలం అమ్మను చూడడానికని మేము వెళ్ళిన రోజు ఆ ఏడాదిలో ఒక్కటీ లేదు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మాకు అమ్మ మీద ప్రేమ లేదని కాదు. వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తాము. మందులు పంపుతాము. వచ్చే వారం వెళదామని ప్రతి వారమూ అనుకుంటాము. అనుకున్న ప్రతిసారీ సగం వెళ్ళినట్టే ఉంటుంది కాబోలు; అందుకే మా లెక్కలో అన్ని ప్రయాణాలు పోగుపడ్డాయి. టోల్‌గేటు మాత్రం అనుకున్నవాటిని లెక్కపెట్టదు.

మర్నాడు డీజిలు కారు యజమానికి అడ్వాన్సు ఇస్తామన్న మాటను వాయిదా వేసుకుని, శనివారం పాత కారులోనే నంద్యాల బయలుదేరాము. వీధి మలుపు తిరగగానే ఆశ్చర్యపోయాము. ఇంటి ముందు మురుగు కాలువ మీద కొత్తగా బేతంచెర్ల బండలు పరిచి, వాకిలి దాకా సిమెంటుతో ఏటవాలు చేసి ఉన్నది. ఇంతకాలం కారును వీధి చివర నిలిపి నడిచి వచ్చేవాళ్ళము. "పదిహేను రోజులకోసారి వస్తారాయె, ప్రతిసారీ అక్కడ పెట్టి నడుస్తారా?" అన్నది అమ్మ. తన పింఛను డబ్బులో ఆరు వేలు దీనికి ఖర్చు పెట్టింది. మేము ఫోనులో తేలికగా అన్న మాటకు ఆమె రాళ్ళు పరిపించింది.

భోజనాలయ్యాక జరిగినదంతా చెప్పాము. మీటరు సంగతి, పుస్తకం సంగతి, రాయికల్ సంగతి. పదిహేను రోజులకోసారి మేము రాలేమని, ఆ మాట కారు మోజులో అన్నామని ఒప్పుకున్నాము. చెబుతుంటే గొంతు ఎండిపోయింది. అమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ విన్నది.

"నాలుగుసార్లని నాకు తెలుసులే" అన్నది. తరువాత, "డీజిలో పెట్రోలో నాకేం తెలుస్తుంది? వస్తామన్న రోజు రండి. రాలేకపోతే ముందే చెప్పండి. వండుకుని వాకిట్లో కూర్చోకుండా ఉంటాను" అన్నది.

తిరుగు ప్రయాణంలో మేము నిర్ణయానికి వచ్చాము. ప్రతి నెల రెండవ శనివారం మాకు సెలవు. ఆ రోజు నంద్యాలకు వెళ్ళాలి. పన్నెండుసార్లు వెళితే నగరపు తిరుగుడుతో కలిపి ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు. ఆ లెక్కన కూడా తొంభై వేలు రాబట్టుకోవడానికి మూడేళ్ళు దాటుతుంది. పైగా మా మిగిలిన రోజులన్నీ నాలుగైదు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలే. డీజిలు ఇంజిన్ నిదానంగా వేడెక్కుతుంది. వేడెక్కే లోపే ఆపివేస్తూ ఉంటే లోపల మసి పేరుకుంటుంది. 2020 తరువాతి బీఎస్-6 డీజిలు కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద సుదీర్ఘంగా నడపాలి. నగరంలోనే తిరిగేవారికి అదొక తలనొప్పి.

మరో సంగతి కూడా త్రాసులో వేశాము. డీజిలు పొగ మనుషులలో క్యాన్సరుకు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో ప్రకటించింది. 2018 నాటి బీఎస్-4 డీజిలు కారు కిలోమీటరుకు 0.25 గ్రాముల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు. బీఎస్-6 పెట్రోలు కారుకు ఆ పరిమితి 0.06 గ్రాములు. ఈ పరిమితులను కూడా కంపెనీలు ఎప్పుడూ పాటించాయనలేము. 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడిన వోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసం డీజిలు ఇంజిన్లదే. అదే డిసెంబరులో మన దేశంలోనూ 3,23,700 కార్లను సరిచేస్తామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. మా వీధిలో ఉదయం ఎనిమిదింటికి పిల్లలు బడి ఆటో కోసం నిలబడతారు. కారు వెనుక గొట్టం సరిగ్గా వారి ముఖాల ఎత్తులో ఉంటుంది.

పెట్రోలు కారే కొన్నాము. కుమారుడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడవ రోజు తాళాలు అడిగాడు.

ఇప్పుడు ఏడాది గడిచింది. న్యాయంగా రెండు వైపులా లెక్క చెప్పాలి. పన్నెండు రెండవ శనివారాలలో మేము తొమ్మిదిసార్లు నంద్యాలకు వెళ్ళాము. తప్పిన మూడింటిలో ఒకదానికి కుమార్తె పరీక్షలు, ఒకదానికి జ్వరం కారణం. మూడవదానికి కారణం మా బద్ధకమే. ముందుగా ఫోన్ చేసి చెప్పాము గాని, ఆ రోజంతా ఇంట్లో ఎవరికీ మనసు నిలవలేదు. మొత్తం తిరిగినది 10,300 కిలోమీటర్లు. డీజిలు కారైతే ఇంధనం మీద దాదాపు 24,000 రూపాయలు మిగిలేవి. ఆ మాట దాచము. టైమింగ్ బెల్టు, క్లచ్చు వంటి పెద్ద ఖర్చేదీ రాలేదు కనుక చేతిలో నష్టమేమీ లేదు. అమ్మ ఇంటికి ఒకసారి పోయి రావడానికి డీజిలుకంటే మాకు సుమారు 1,330 రూపాయలు ఎక్కువవుతుంది. ఆ డబ్బు ఇచ్చేటప్పుడు ఎన్నడూ బరువనిపించలేదు.

అంతమాత్రాన అందరికీ పెట్రోలే మేలని మేము చెప్పడం లేదు. మా బంధువు ఒకరు మందుల కంపెనీ పని మీద నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతారు. ఆయనకు మేమే చక్కని డీజిలు కారు వెదికిపెట్టాము. ఎవరికి ఏది తగునో వారి మీటరే చెబుతుంది. పాత కారు కొనదలచిన పాఠకులకు మా మనవి ఇంతే. ముందుగా మీ ప్రస్తుత వాహనపు సర్వీసు పుస్తకం తీసి, గత రెండేళ్ళలో నిజంగా ఎంత తిరిగారో చూడండి. రేపటి నుండి ఎంత తిరుగుతామన్న ఆశను ఆ లెక్కలో కలపకండి. కొనే కారును చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. మీటరును సర్వీసు చరిత్రతో పోల్చండి. ఆర్‌సీ మీద పాత అప్పు కొట్టివేసి ఉన్నదో లేదో, చలానాలు మిగిలాయేమో చూడండి. నమ్మకమైన మెకానిక్‌కు చూపించి, రాబోయే ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాత డీజిలా పెట్రోలా అన్నది పది నిమిషాల లెక్క.

ఆ పుస్తకం తెరిచినప్పుడు వేరే లెక్కలు కూడా బయటపడితే వాటిని మూసివేయకండి. మేము మూసివేయబోయి ఆగాము.

ఈ వ్యాసం రాస్తున్నది గురువారం నాడు. ఎల్లుండి రెండవ శనివారం. టైర్లలో గాలి పట్టించాము, అమ్మకు ఫోన్ చేసి చెప్పాము.